వర్తికా లక్షణ చంద్రిక

మైనానికి పండితులున్నారు, రంగులకు రసికులున్నారు, మల్లెపూల సెంటు ఎన్ని చుక్కలు వెయ్యాలో చెప్పేవాళ్లు వీధికి నలుగురున్నారు. ఇంట్లో కొవ్వొత్తులు పోసుకునేవాళ్లకు ఒత్తి గురించి చెప్పే శాస్త్రకారుడే లేడు. ఆ లోటు ఈ వ్యాసంతో తీరుతోంది.

ముందుగా శబ్దప్రమాణం. కొవ్వు, ఒత్తి కలిసి కొవ్వొత్తి అయింది. ఈ సమాసంలో ప్రధానం ఉత్తరపదం, అనగా ఒత్తి. కొవ్వు వట్టి విశేషణం. అగరొత్తి, పువ్వొత్తి కూడా ఇదే సాక్ష్యం చెబుతాయి. మనం మాత్రం కొవ్వును చూసి కొంటాం. కళ్లలో ఒత్తులు వేసుకుని కాపలా కాయమన్న పెద్దలు సైతం అవి ఎంత లావుండాలో చెప్పకుండా తప్పించుకున్నారు.

ఇక పూర్వపక్షం. "కాలేది ఒత్తేగా, ఏ దారమైతేనేం?" అని మా ఆవిడ. శుద్ధ తప్పు. కరిగిన మైనం నూలుపోగుల సందుల్లోంచి పైకి పాకుతుంది, మంట వేడికి ఆవిరవుతుంది, ఆ ఆవిరి కాలుతుంది. ఒత్తిది బావి మీద మోటారు పని. కొవ్వొత్తి ఊదెయ్యగానే లేచే తెల్లటి పొగకు అగ్గిపుల్ల చూపించండి, మంట ఆ పొగ వెంటే దిగొచ్చి ఒత్తిని అంటుకుంటుంది. 1860లో క్రిస్మస్ సెలవులప్పుడు లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే పిల్లల కోసం కొవ్వొత్తి మీద మొదలుపెట్టిన ఉపన్యాసాల్లో ఇదీ చేసి చూపించాడు. ఆయన ఆరు ఉపన్యాసాలిచ్చాడు. మా ఇంట్లో నా ఒకటోది సగంలో ఉండగానే సభ లేచిపోయింది.

లక్షణానికి, అనగా నిర్వచనానికి, తార్కికులు మూడు దోషాలు చెప్పారు. మూడూ నాకు ఒక్క ఆదివారంలోనే సిద్ధించాయి. కరెంటు కోతల నాటి కొవ్వొత్తి ముక్కలన్నీ పోగేసి, మరిగే నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించి, రెండంగుళాల వెడల్పు గాజుగ్లాసుల్లో పోశాను. మొదటి ఒత్తి కుట్టుమిషను దారం. అది తన చుట్టూ చారెడు మేర కూడా కరిగించలేక, నూతిలోకి దిగినట్టు దిగి, తాను కరిగించిన మైనంలోనే మునిగి ఆరిపోయింది. అంచుదాకా వ్యాపించలేదు గనక ఇది అవ్యాప్తి. రెండోది, కార్తీక పౌర్ణమికని మా అత్తగారు దాచుకున్న 365 ఒత్తుల కట్టలోంచి సంగ్రహించిన పిడికెడు. కొసన పుట్టగొడుగులా నల్లటి బొడిపె కట్టింది, మసి గ్లాసు దాటి పైకప్పుదాకా వ్యాపించింది. అతివ్యాప్తి. మూడోది నా పైజామా బొందు. నైలాన్‌ది. మైనం పీల్చకపోగా తానే కరిగి ముద్దయింది. అసంభవం. పైజామా సంగతి ఇక్కడ అప్రస్తుతం.

కట్ట విషయం బయటపడ్డాక అత్తగారు స్వయంగా వాదానికి దిగారు. "విభూతి అద్దుకుని వేళ్లతో పేనితే సరిపోయేదానికి ఇంత రాద్ధాంతమెందుకు నాయనా?" ప్రమిదకైతే సరిపోతుంది. అక్కడ ఒత్తి హాయిగా పడుకుని ఉంటుంది, ఎప్పటికప్పుడు ఎగదోసే మనిషి పక్కనుంటుంది. కొవ్వొత్తిలో అది ఒంటికాలి మీద తపస్సు చెయ్యాలి, తన కొసను తానే కాల్చుకోవాలి. ఈ రెండోది చేతకాకే ఐరోపావాళ్లు శతాబ్దాల తరబడి కత్తెర పుచ్చుకుని కొవ్వొత్తుల చుట్టూ తిరిగారు. 1820ల్లో ఫ్రాన్సులో కాంబసెరెస్ అనే ఆయన ఒత్తిని జడలా అల్లాడు. అల్లిన ఒత్తి కాలుతూ పక్కకు వంగుతుంది, కొస మంట అంచుకు చేరి గాలి తగిలి బూడిదవుతుంది. ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ రోజూ పొద్దున్నే జరిగే పనికి అంత కాలం పట్టింది.

కనుక సిద్ధాంతం ఇది. మూడు పాయల నూలుజడను కరిగిన మైనంలో ముంచి, నిటారుగా లాగి ఆరబెట్టాలి. లావు గ్లాసు వెడల్పును బట్టి ఉండాలి. తేనెమైనమైతే ఇంకాస్త లావు, అది ఆలస్యంగా కరిగే సరుకు. వెలిగించాక అంగుళం వెడల్పుకు గంట చొప్పున చూడండి. రెండంగుళాల గ్లాసులో రెండు గంటలకు మైనం అంచుదాకా కరిగితే ఒత్తి పాసు. వెలిగించే ముందు పావు అంగుళం ఉంచి మిగతాది కత్తిరించాలి. నిటారుగా నిలుస్తుంది కదా అని సీసం తీగ మాత్రం పెట్టకండి, ఆ పొగ విషమనే 2003లో అమెరికా అలాంటి ఒత్తుల్ని నిషేధించింది.

ఆ జడకు నాకు చివరికి పనికొచ్చింది బియ్యం బస్తా మూతి కుట్టిన దారం. కాబట్టి పాఠకులు ఈసారి బస్తా విప్పినప్పుడు ఆ దారం పారెయ్యొద్దని మనవి. ముందు ఓ కొస కాల్చి చూడండి. బూడిదైతే నూలు, దాచుకోండి. ముద్దైతే అది మా పైజామా బొందు జాతిది.