లేచి, కడుక్కుని, తిని: ఒక కార్డుల కట్ట ఆత్మకథ

నేను డ్రాయింగ్ షీటు అట్టను కత్తిరించి చేసిన కార్డుల కట్టను. హైదరాబాదులో జపనీస్ నేర్పే ఒక సెన్సే నన్ను తయారు చేశారు. నా ఒక్కో కార్డుకు ముందువైపు ఒక క్రియ 'మస్' రూపంలో ఉంటుంది, వెనకవైపు అదే క్రియ 'తె' రూపంలో ఉంటుంది. సెన్సే ముందువైపు చూపిస్తారు, క్లాసంతా వెనకవైపు మాట చెబుతుంది, ఆవిడ కార్డు తిప్పుతారు. తబెమస్ అంటే తబెతె. నొమిమస్ అంటే నొందె. కకిమస్ అంటే కైతె.

'మిన్నా నో నిహోంగో' పాఠ్యపుస్తకం చదివేవాళ్ళకు 'తె' రూపం 14వ పాఠంలో ఎదురవుతుంది, 16వ పాఠానికి వచ్చేసరికి దాంతో పనుల వరుస చెప్పడం మొదలవుతుంది. ఒకటో గణం క్రియలే కాస్త ఇబ్బంది పెడతాయి. 'మస్'కు ముందు ఇ, చి, రి ఉంటే 'త్తె'. మి, బి, ని ఉంటే 'న్దె'. కి ఉంటే 'ఇతె'. గి ఉంటే 'ఇదె'. షి ఉంటే 'షితె'. నాలో అన్నిటికన్నా నలిగిపోయిన కార్డు ఇకిమస్‌ది. 'వెళ్ళు' అనే ఆ క్రియ లెక్క ప్రకారం 'ఈతె' కావాలి, కానీ 'ఇత్తె' అవుతుంది. ప్రతి బ్యాచిలోనూ సగం మంది అక్కడ తడబడతారు. అందుకే సెన్సే దాని అంచుకు ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీశారు.

రూపాలు నోటికి రావడానికి ఎంతోకాలం పట్టదు. అసలు కష్టం వరుస చెప్పడం దగ్గర వస్తుంది. పొద్దున ఏం చేశారో చెప్పమంటే కొత్తవాళ్ళు పనికో వాక్యం చెప్పి, మధ్యలో 'సొరెకర' పెడతారు. లేచాను. ఆ తర్వాత మొహం కడుక్కున్నాను. ఆ తర్వాత టిఫిన్ తిన్నాను. ఆ తర్వాత ఆఫీసుకు వెళ్ళాను. తప్పేమీ లేదు, కానీ వినడానికి చిన్నపిల్లల మాటలా ఉంటుంది. జపాన్‌లో అదే మాట ఒక్క గుక్కలో వస్తుంది: ఒకితె, కావొ ఒ అరత్తె, అసగొహాన్ ఒ తబెతె, కైషా ఎ ఇకిమషిత. లేచి, మొహం కడుక్కుని, టిఫిన్ తిని, ఆఫీసుకు వెళ్ళాను. చివర ఒక్క 'ఇకిమషిత'లోనే భూతకాలం ఉంది. ముందున్న మూడు క్రియలకూ కాలం అక్కడి నుంచే వస్తుంది.

ఒకసారి నల్గొండ నుంచి వచ్చిన ఒకబ్బాయి ఇక్కడే చిక్కుకున్నాడు. వృద్ధుల సంరక్షణ పనికి జపాన్ వెళ్ళాలని చేరాడు. ఇంగ్లిషులో రాసుకున్న నోట్సు చూస్తూ, "సెన్సే, ఒకితె అంటే లేవడమా, లేచిన తర్వాతా, లేస్తూనా?" అని అడిగాడు. సెన్సే నన్ను బల్ల మీద పెట్టి, బోర్డు మీద తెలుగులో రెండు వాక్యాలు రాశారు. సీత వంట చేసింది. సీత భోజనం చేసింది. "బడిలో వీటిని ఎలా కలిపేవాడివి బాబూ?" అన్నారు. "సీత వంట చేసి భోజనం చేసింది. సంశ్లిష్ట వాక్యం సెన్సే, క్త్వార్థకం" అన్నాడు. అనగానే నన్ను తీసుకుని, కార్డులు ఒక్కొక్కటే తిప్పుకుంటూ తెలుగు చెప్పేశాడు: లేచి, కడుక్కుని, తిని, వెళ్ళి, వచ్చి.

నేను తెలుగువాళ్ళ చేతుల్లో పడడం నా భాగ్యం అనుకుంటాను. ఇంగ్లిషు దారిలో వెళితే కొండంత కనబడే సంగతులు వీళ్ళకు పుట్టుకతో వచ్చినవే. 'నెరు మాఎ ని హోన్ ఒ యొమిమషిత' అన్న వాక్యం చూడండి. చదవడం నిన్న జరిగిపోయినా 'నెరు' భూతకాలంలోకి మారదు. మనమూ 'పడుకునే ముందు చదివాను' అంటాం, 'పడుకున్న ముందు' అనం. 'తబెత అతొ దె ఇకిమస్'లో వెళ్ళడం రేపైనా 'తబెత' భూతరూపమే. మనమూ 'తిన్న తర్వాత వెళ్తాను' అంటాం. 'తె'కు 'కర' చేరిన 'తెకర' కూడా అంతే. 'చేతులు కడుక్కుని తింటాను' అన్నదానికి, 'చేతులు కడుక్కున్నాకే తింటాను' అన్నదానికి ఉన్న తేడాయే 'తె'కు, 'తెకర'కు ఉంది. ముందు ఇదీ తర్వాత అదీ అని నొక్కి చెప్పాల్సినప్పుడే 'తెకర' వాడతారు, ఒక వాక్యంలో మామూలుగా ఒక్కసారే.

ఏటీఎం వాడకమో, వంట పద్ధతో చెప్పేటప్పుడు మాత్రం విడి వాక్యాలే మేలు. అక్కడ మొదట 'మజు', తర్వాత 'త్సుగి ని', చివర 'సాయిగొ ని' వస్తాయి.

తెలుగు తోడున్నంత మాత్రాన అన్నీ కుదరవు, అది కూడా చెప్పాలి. 'తబెతె' చెవిన పడగానే మనవాళ్ళకు 'తింటే' అనిపిస్తుంది. మన 'తే' చేదర్థకం, షరతు చెబుతుంది. జపనీస్ 'తె'లో షరతు లేదు. ఇంకొకటి, మన 'చేసి'కి సాధారణంగా కర్త ఒక్కరే ఉండాలి. జపనీస్‌లో 'అన్న టోక్యో వెళ్ళాడు, నేను ఒసాకాలో ఉండిపోయాను' అన్న రెండు మాటలనూ 'ఇత్తె'తోనే కలపవచ్చు. తెలుగులో 'అన్న టోక్యో వెళ్ళి నేను ఉండిపోయాను' అంటే పొసగదు. ఈ రెండు చోట్లా సెన్సే ఆగి, మళ్ళీ మళ్ళీ చెప్పిస్తారు. అది మంచి పద్ధతి.

నాకు ప్రాణమైన జత ఇత్తె, కిమస్. జపాన్‌లో ఇల్లు కదిలేవాళ్ళు 'ఇత్తె కిమస్' అని చెప్పి బయల్దేరతారు. వెళ్ళి వస్తాను అని. మన ఇళ్ళలోనూ 'వెళ్తున్నా' అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు, 'వెళ్ళొస్తా' అనమంటారు. 'తబెతె మిమస్' అంటే అచ్చంగా 'తిని చూస్తాను'. ఈ రెండూ వచ్చిన రోజు ఎవరూ నోట్సు రాసుకోరు, రాసుకోవాల్సిన పనీ లేదు.

జపనీస్ నేర్పే అయ్యవార్లకూ అమ్మలకూ నాదొక మనవి. తెలుగు పిల్లలకు 'తె' రూపం మొదలుపెట్టే రోజున ఇంగ్లిషు వివరణ కాసేపు పక్కన పెట్టండి. ముందు వాళ్ళ చేత రెండు తెలుగు వాక్యాలు కలిపించి, ఆ తర్వాతే కార్డులు తీయండి.