అద్దానికి అటూ ఇటూ

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో ఓ పాత డాబా ఇంటి గోడను నేను. వరండాలో మొదలై, నిలువెత్తు అద్దాల తలుపు దాటి, హాల్లో మెట్ల దాకా ఒక్కటే వరసగా సాగుతాను. లోపలా బయటా ఒకటే అనిపించాలని నన్నలా కట్టారు. రంగుల దగ్గర మాత్రం ఆ సంగతి మరిచిపోయి, బయట తెల్ల స్నోసెం, లోపల లేతాకుపచ్చ డిస్టెంపర్ వేసి నన్ను రెండు ముక్కలు చేశారు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ముంగిట చెట్లను కూల్చేసింది. అప్పటిదాకా ఆకుల నీడలో ఉన్న నామీద సముద్రం వైపు ఎండ నేరుగా పడింది. ఆ తెలుపు వంక ఇంట్లోవాళ్లు చూడలేకపోయారు.

ఇంటావిడ షేడ్ కార్డు చూసి, రెండువైపులా ఒకటే ఇటుక రంగు వేసేయమన్నారు. పెయింటర్ ఒప్పుకోలేదు. “ఎండలో ఓలాగ, నీడలో ఓలాగ ఉంటాదమ్మా. పట్టీ కొట్టి చూద్దాం” అని అద్దానికి అటూ ఇటూ మూడేసి అడుగుల పట్టీలు కొట్టాడు. ఒకే డబ్బాలో రంగే. అయినా పొద్దుటెండకి బయటిది వెలిసినట్టయింది; లోపలిది ఎర్రగచ్చు వెలుగు తగిలి మరింత ఎరుపెక్కింది. చివరికి బయటికి ముదురు, లోపలికి అదే వరసలో ఒక మెట్టు లేత కుదిరాయి. హాల్లోంచి చూస్తే ఇప్పుడు నేను ఒక్క గోడనే. సజ్జాకీ, హాలు సీలింగుకీ ఒకటే మీగడ తెలుపు.

ఎరుపే ఎంచుకున్నందుకు నాకెంతో ఆనందం. ఈ ఊరి రంగు అది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల ఇసుకకు పట్టిందీ, కైలాసగిరి ఖొండలైటు రాయి మీద తేలేదీ, మా గచ్చులో కలిపిందీ ఐరన్ ఆక్సైడే. ఆర్కిటెక్ట్ లె కార్బూజియే 1931లో సలూబ్రా వాల్‌పేపర్ కంపెనీకి గోడల కోసం 43 రంగులు కూర్చినప్పుడు ఓచర్, సియెన్నా లాంటి మట్టిరంగులను వదల్లేదు. ఒకదాని పక్కన ఒకటి ఇమిడిపోయే రంగులవి.

కిటికీ గ్రిల్సు విషయంలో ఇంటాయన పట్టుబట్టారు. స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరైన మనిషి. ఉప్పుగాలికి ఇనుము ఏమవుతుందో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. తుప్పంతా గీకించి, రెడాక్సైడ్ ప్రైమర్ కొట్టించాకే ముదురు బూడిద రంగు వేయనిచ్చారు. వరండా గ్రిల్లుకీ, లోపల మెట్ల రెయిలింగుకీ అదే రంగు.

తర్వాత నాటిన వేప ఇప్పుడు డాబా ఎత్తుకు పెరిగి, నా బయటి సగానికి మళ్లీ నీడ పట్టింది. ఆ ముదురు రంగు ఇప్పుడు బరువుగా కనిపిస్తోంది. ఈసారి రంగులేసేటప్పుడు ముందుగా ఆ వైపు లేత పట్టీ కొట్టి చూడాలి.