పిల్లల కోసమే ఈ టర్బో!

పెళ్లాం పిల్లలున్నవాడు స్పోర్ట్స్ కారు కొనాలంటే కాస్త సిగ్గుపడాలి. ఆ సిగ్గు తీర్చడానికే జపాన్‌వాడు స్టేషన్ వ్యాగన్‌కు టర్బో బిగించాడని అమెరికాలోని మన కార్ల పిచ్చి మారాజుల గట్టి నమ్మకం. రెండు డోర్ల కారైతే ఇంట్లో నెలరోజులు సంజాయిషీ చెప్పుకోవాలి. వ్యాగనైతే డిక్కీ ఎత్తి చూపించి, "నాకోసం కాదోయ్, మీకోసమే" అనేయొచ్చు. నిస్సాన్ స్టేజియా, మిత్సుబిషి లెగ్నమ్, సుబారు లెగసీ జీటీ-బీ. మూడూ 1996లో జపాన్ రోడ్డెక్కినవే. వీటిలో ఏది డల్లాస్ శివారులోని మనవాళ్ల గరాజ్‌లోకి చేరినా ఆ ఇంట్లో దాని పేరు ఫ్యామిలీ కారు.

అక్కడి ప్రమాణాలకు తగ్గట్టు తయారుకాని కారు అమెరికాలో అడుగుపెట్టాలంటే పుట్టి పాతికేళ్లు నిండాలి. అప్పుడు దానికి భద్రతా నిబంధనలనుంచి మినహాయింపు. అంటే పిల్లల కోసం ఏరికోరి తెచ్చిన ఈ బండికి ఉన్న ప్రధాన అర్హత, భద్రతా నిబంధనలు వర్తించకపోవడం! వెటకారం నాది కాదు, 1988 నాటి చట్టానిది. హైదరాబాద్‌లో నాన్న పదిహేనేళ్ల మారుతిని అమ్మనంటే "ఇంకా ఆ డబ్బా ఏమిటి నాన్నా" అని విసుక్కున్న సుపుత్రుడే ఇప్పుడు పాతికేళ్ల డబ్బాకు ఓడ కిరాయి కట్టి మరీ తెప్పిస్తున్నాడు.

ఆ ఎంపిక చూసి తీరాలి. జపాన్ వేలంపాట కాగితంలో కారు బొమ్మ గీసి ఉంటుంది. గీత పడ్డచోట ఏ, సొట్టకు యూ, తుప్పుకు ఎస్, మరమ్మతు చేసినచోట డబ్ల్యూ. పైన గ్రేడు: నాలుగున్నరా, నాలుగా, మూడున్నరా? చెల్లెలి సంబంధానికి జాతకాలు కూడా ఇంత దీక్షగా చూసి ఉండడు.

ఇంతా చేస్తే ఆ పరుగెంత? తొలినాటి టర్బో స్టేజియా శక్తి 235 హార్స్‌పవర్. ఎవరిని చూస్తే ఈయనగారికి ముసలితనం ముంచుకొచ్చినట్టుంటుందో ఆ టయోటా సియెన్నా మినీవ్యాన్ 2021 మోడల్‌ది 245. పది ఎయిర్‌బ్యాగులు, మూడు వరసల సీట్లు అదనం. ఈ లెక్క చెబితే "టర్బో కిక్కు వేరు" అంటాడు. వేరే, ఒప్పుకుంటాను. లెగసీలో రెండు టర్బోలు ఒకదాని వెనక ఒకటి రంగంలోకి దిగుతాయి. మొదటిదానికి రెండోది తోడయ్యేలోపు బండి ఒక్క క్షణం నీరసపడుతుంది. ఆ నీరసాన్ని కూడా క్యారెక్టర్ అని మురిసిపోవడం భక్తికి పరాకాష్ఠ. జీటీ-ఆర్ ఇంజిన్ పెట్టిన స్టేజియా 260ఆర్‌ఎస్ దొరికిన మహానుభావుడైతే చేతిలో చిప్స్ ప్యాకెట్టున్న పిల్లాణ్ని దాని దరిదాపులకే రానివ్వడు. ఎంతైనా ఫ్యామిలీ కారు కదా!

గుంటూరునుంచి అత్తగారూ మామగారూ దిగుతారు. డిక్కీ పెద్దదే, సూట్‌కేసులూ ఆవకాయా పడతాయి. మనుషులే పట్టరు. ఆలుమగలు, ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దవాళ్లు, సీట్లు ఐదు. తాళం తిప్పగానే టోల్ కార్డు పెట్టలేదని ఒక ఆడగొంతు జపాన్ భాషలో నిష్ఠూరమాడుతుంది. "ఎవరు బాబూ ఆవిడ, ఏమంటోంది?" అని అత్తగారు. రేడియో పెడదామంటే ఆ కాలపు జపాన్ రేడియోలో ఎఫ్‌ఎం తొంభై దగ్గర ఆగిపోతుంది, అమెరికాలో స్టేషన్లన్నీ దాదాపు ఆ పైనే. కాఫీ కోసం డ్రైవ్-త్రూకి వెళితే స్టీరింగ్ కుడివైపు, కిటికీ ఎడమవైపు. ఆర్డరు చెప్పడం, డబ్బు కట్టడం, మరిగే కప్పులు అందుకోవడం భార్యామణి ఉద్యోగం. "ఏమండీ, ఈసారి మీరు దిగి తెచ్చుకోండి" అని ఆవిడ అనేదాకా ఈయన సరదాకి ఢోకా లేదు.

నవ్వులాటకు లొంగనిది పిల్లల సీటు. దాన్ని బిగించే లాచ్ కొక్కేలు అమెరికాలో కొత్త కార్లకు 2002నుంచి తప్పనిసరి. అంతకు ముందు పుట్టిన ఈ జపాన్ బండిలో అవి ఉంటాయన్న భరోసా లేదు. పాతకాలపు సీటుబెల్టుతోనే కుస్తీ పట్టాలి. బీమా సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. ఇలాంటి కార్లకిచ్చే కలెక్టర్ పాలసీలు చాలావరకు రోజువారీ వాడకం కుదరదంటాయి, ఇంట్లో ఇంకో కారు ఉండాలని షరతు పెడతాయి. మొగుడు ఎన్ని కథలు చెప్పినా, అది ఫ్యామిలీ కారు కాదని బీమావాడు ముందే కనిపెట్టి కాగితం మీద రాసిచ్చాడన్నమాట.

కొనొద్దని అనను. డబ్బు మీది, మోజు మీది. "నాకు ముచ్చటేసింది, కొన్నాను" అని ఇంట్లో ఒక్కమాట చెప్పి కొనుక్కోండి. పిల్లల చదువులూ అత్తగారి నడుంనొప్పీ మధ్యలోకి లాగకండి. సియెన్నా తాళాలు మాత్రం మీ ఆవిడ దగ్గరే ఉండనివ్వండి. లెగసీకి విడిభాగం జపాన్‌నుంచి వచ్చేదాకా స్కూలువాళ్లు సెలవివ్వరు.