గృహ చిత్రశాలా ఆటవెలది: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

కరెంటు బిల్లు వెనకవైపు నీలం సిరాతో రాసిన ఈ ఆటవెలదికి కర్త మా బావమరిది. మేడ మీద 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న గది ఒకటి పాత పరుపులకూ, ఎవరూ తొక్కని ఎక్సర్‌సైజు సైకిలుకూ నిలయమై ఉంది. దాన్ని చిన్న సినిమా హాలు చేయాలని ఈ వ్యాఖ్యాత కోరిక. లక్ష దాటకుండా, కాంట్రాక్టరు లేకుండా ఎలా చేసుకోవాలో రాసిపెట్టమని అడిగితే, లిస్టు రాస్తాడనుకున్నవాడు పద్యం రాసి, ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించి ఊరెళ్ళాడు. ఇది ఫ్రిజ్‌కి అంటించదగ్గ పద్యమేనా అన్నది నాలుగో పాదం చదివాక పాఠకులే తేల్చుకోగలరు.

ఈ రాతప్రతి అంచుల్లో ఎర్ర సిరాతో వేరొకరి రాత ఉంది. పాల పద్దులోనూ అదే దస్తూరి కనిపిస్తుంది గనుక అది ఎవరిదన్న చర్చ అనవసరం.

మహా వ్యాఖ్యాత మల్లినాథ సూరిది మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. ఆయన కాళిదాసును చదివాడు గానీ ప్రొజెక్టరు అట్టపెట్టె మీద రాసింది చదవలేదు. ఈ వ్యాఖ్యాత ఆ నియమాన్ని దూరం నుంచే గౌరవిస్తాడు.

మూలం

గదిని నలుపు చేసి కాంతిని మూయుమా
చెవికి మొదటి వాట చిత్రమవల
లక్షలోన పనిని లాగించు బావయ్య
అక్క కెరుకపడక చక్కబెట్టు

ప్రతిపదార్థం

బావయ్య = ఓ బావగారూ; గదిని = మేడ మీది గదిని; నలుపు చేసి = గోడలకూ కప్పుకూ ముదురు రంగు వేసి; కాంతిని = కిటికీ, తలుపు సందు, ఇన్వర్టరు మీది పచ్చ దీపం మొదలైనవాటి వెలుతురును; మూయుమా = లోపలికి రానీయకు; చెవికి = స్పీకర్లకు, వాటి పరివారానికి; మొదటి వాట = డబ్బులో ముందు భాగం; చిత్రము = ప్రొజెక్టరు, తెర; అవల = ఆ తరువాతనే; లక్షలోన = పన్నులూ ఆటో కిరాయీ కలుపుకుని లక్ష రూపాయల లోపల; పనిని లాగించు = ఎలాగో ఒకలా గట్టెక్కించు; అక్కకు = నా అక్కకు, అనగా నీ భార్యకు; ఎరుకపడక = తెలియకుండా; చక్కబెట్టు = కానిచ్చెయ్యి.

తాత్పర్యం

బావా, ముందు గదిని చీకటి చెయ్యి, ఆపైన శబ్దం చూసుకో, బొమ్మ సంగతి చివర చూద్దాం, డబ్బు లక్ష దాటనీయకు, ఇంట్లో చెప్పకు.

విశేషాలు

ప్రథమ పాదం. లోకంలో అందరూ ముందు ప్రొజెక్టరు కొని, తర్వాత గది వెతుక్కుంటారు. కవి గదితో మొదలుపెట్టాడు. ఇందులో భౌతికశాస్త్రం ఉంది. ప్రొజెక్టరు వెలుగు వేయగలదు, చీకటి వేయలేదు. తెర మీద నాయిక జడ నల్లగా కనిపిస్తోందంటే ఆ చోట వెలుగు పడలేదని మాత్రమే అర్థం. తెల్ల గోడల గదిలో తెర మీది వెలుగే గోడలకూ కప్పుకూ తగిలి తిరిగి తెర మీదికి వస్తుంది. అప్పుడు అర్ధరాత్రి హత్య సన్నివేశం తెల్లవారుజామున జరిగినట్టుంటుంది. ఎంత ఖరీదైన ప్రొజెక్టరైనా దీన్ని ఆపలేదు. ఒక డబ్బా డిస్టెంపరు ఆపుతుంది. డిస్టెంపరే ఎందుకంటే దానికి మెరుపు ఉండదు, ధరా తక్కువ. మెరిసే ఎనామిల్ వేస్తే గోడ మీద రెండో సినిమా నడుస్తుంది. డబ్బు చాలకపోతే తెరను ఆనుకుని నాలుగడుగుల మేర గోడలూ, దాని పైకప్పూ ముదురు చేసినా సగం పని అయినట్టే.

ఇక్కడ ఎర్ర సిరా: “నలుపా? అటువైపే పూజ గది.”

సమాధానం. నలుపు ఇక్కడ ఉపలక్షణం. ముదురు వంకాయ రంగు, మబ్బు నీలం, బొగ్గు బూడిద కూడా కవికి సమ్మతమే. పూజ గది గోడ అవతలి ముఖం జోలికి కవి వెళ్ళలేదు.

కిటికీకి కర్టెన్ ఒక్కటి చాలదు. లోపల బ్లాకవుట్ గుడ్డ, పైన మందపాటి గుడ్డ ఉండాలి. కర్టెన్ రాడ్డు పైనుంచి వెలుతురు జారుతుంది గనుక అక్కడ పెల్మెట్ లాంటి చెక్క కావాలి. పగలు కూడా సినిమా చూడాల్సిందే, కిటికీ మూయడం కుదరదు అనేవారు ప్రొజెక్టరు మాట మరిచి పెద్ద టీవీ కొనుక్కోవడం మేలు. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం పోయి 18 అయింది. ఈ ఊరట పద్యంలో లేదు. కవికి టీవీలంటే చులకన.

ద్వితీయ పాదం. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ‘వాటా’లో దీర్ఘం పోయి ‘వాట’ అయింది ఛందస్సు కోసం. బడ్జెట్ పద్యంలో ఒక మాత్ర ఆదా. బొమ్మ కాస్త మసకగా ఉంటే అయిదు నిమిషాల్లో కన్ను సర్దుకుంటుంది. మాట వినపడకపోతే పక్కవాణ్ణి గోకి “ఏమన్నాడు?” అని అడుగుతాం, ఈలోగా ఇంకో రెండు డైలాగులు పోతాయి. రాత్రిపూట ప్రతి ఇంట్లో సాగే రిమోట్ కసరత్తు తెలిసిందే: మాటలప్పుడు పెంచు, ఫైటు రాగానే తగ్గించు, పిల్ల లేచింది, ఇంకా తగ్గించు. సినిమా శబ్దంలో మాటలు ప్రధానంగా మధ్య స్పీకరుకు కేటాయించి ఉంటాయి. మధ్య స్పీకరు లేనింట్లో ఆ మాటలు సంగీతంలో కలిసి మునిగిపోతాయి. కాబట్టి డబ్బు తక్కువైతే వెనక స్పీకర్లు వాయిదా వేసుకోవచ్చు గానీ ముందు మూడింటినీ వాయిదా వేయరాదు.

5.1 అంటే అయిదు మామూలు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. ఆ ‘పాయింటు ఒకటి’ సుమారు 120 హెర్ట్జ్ లోపలి గంభీర ధ్వనికే ప్రత్యేకించిన బాట. వినికిడి మొత్తంలో చిన్న తునక గనుక దశాంశంలో పెట్టారు. తెలుగువాడికి బహుళ బాటల శబ్దం కొత్తదేమీ కాదు. 1986లో కృష్ణ తీసిన ‘సింహాసనం’ తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రం, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ శబ్దంతో వచ్చింది.

ముందు రెండు స్పీకర్లూ వినేవాడి ముక్కు సూటి నుంచి చెరో 22 నుంచి 30 డిగ్రీల పక్కకు, అందులోని చిన్న ట్వీటరు చెవి ఎత్తుకు రావాలి. వెనకవి అనబడే రెండూ నిజానికి పక్కల నుంచి కొంచెం వెనక్కి, అంతే. వాటిని కప్పు మూలల్లో బిగించే ఆచారం హోటళ్ళది.

సబ్‌వూఫర్ ఎక్కడ పెట్టాలన్నదానికి ఒక ప్రాచీన ప్రయోగం ఉంది. దాన్ని తీసుకెళ్ళి మనం కూర్చునే సోఫాలో కూర్చోబెట్టాలి. బేస్ బాగా ఉన్న పాట పెట్టి, మనం గోడల వెంట మోకాళ్ళ మీద పాకుతూ, చెవి నేలకు దగ్గరగా పెట్టి వినాలి. ఎక్కడ దబ్బు దబ్బుమనకుండా, అలాగని మాయమూ కాకుండా సమంగా వినిపిస్తుందో అదే దాని స్థానం. ఈ వ్యాఖ్యాత అద్దె సబ్‌వూఫర్‌తో ఈ ప్రయోగంలో ఉండగా మా అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. “ఏం పడిపోయింది అల్లుడుగారూ?” అన్నారు. జవాబు చెప్పేలోపే ఆవిడా కూర్చుని, ఫోన్లో టార్చి వేసి సైకిలు కింద వెతకడం మొదలుపెట్టారు. ఒక పిన్నీసు, పాత అయిదు రూపాయల బిళ్ళ దొరికాయి. సబ్‌వూఫర్ స్థానం ఎడమ గోడకు మూడో వంతు దగ్గర తేలింది.

గది కొలతల్లో ఒక చిక్కుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,125 అడుగులు. రెండు గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి దానితో ఈ వేగాన్ని భాగిస్తే ఆ గోడల మధ్య మోగే మొదటి స్వరం వస్తుంది. 12 అడుగుల పొడవుకు 47 హెర్ట్జ్, 10 అడుగుల వెడల్పుకు 56. మా కప్పు ఎత్తు కూడా 10 అడుగులే కావడంతో వెడల్పూ ఎత్తూ ఒకే స్వరం అందుకుని డోలు వాయిస్తాయి. గది కూల్చలేం. సోఫాను వెనక గోడకు ఆనించకుండా, గది నట్టనడుమా వేయకుండా ఉంటే కొంత నయం. మూలల్లో మందపాటి రాక్‌వూల్ దిమ్మలు నిలబెడితే ఇంకొంత.

పూర్వపక్షం: కోడిగుడ్ల అట్టలు గోడలకు అంటిస్తే శబ్దం బయటికి పోదు, ఖర్చూ లేదు.

సిద్ధాంతం: పోతుంది. శబ్దాన్ని ఆపేది బరువు. గుడ్ల అట్టకు గుడ్లు తీసేశాక బరువేముంది? పై స్వరాలను కాస్త చెదరగొడుతుంది, బేస్ దాన్ని గమనించనైనా గమనించదు. పైగా నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. పక్కింటికి శబ్దం వెళ్ళకూడదంటే బరువైన తలుపు కావాలి, తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ కావాలి. గది లోపల గింగురుమనకుండా ఉండాలంటే నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చెక్క ఫ్రేములో రెండంగుళాల రాక్‌వూల్ కూరి పల్చటి గుడ్డ చుట్టాలి. వాటిని ఎక్కడ తగిలించాలో అద్దం చెబుతుంది. ఒకరు సోఫాలో కూర్చోవాలి, ఇంకొకరు పక్క గోడ వెంట అద్దం జరపాలి. కూర్చున్నవారికి అద్దంలో స్పీకరు కనిపించిన చోట ఒక ఫ్రేము.

తృతీయ పాదం. పద్యంలో అంకె ఒకటే ఉంది గనుక పంపకం వ్యాఖ్యాత పాలబడింది. శబ్దానికి 45 వేలు, ప్రొజెక్టరుకు 30, రంగు, కర్టెన్లు, రాక్‌వూల్‌కు 12, తెర, వైర్లు, పైపులకు 8, తప్పించుకోలేని చిల్లరకు 5. ఈ 45లో అన్నీ కొత్తవి రావు. రిసీవరు ఒకరు వాడింది తీసుకుని, స్పీకర్లు కోఠి గుజరాతీ గల్లీలో విని ఎంచుకోవాలి. వెళ్ళేటప్పుడు ఇంట్లో వంద సార్లు విన్న పాట ఒకటి వెంట తీసుకెళ్ళాలి. దుకాణంవాడు వేసే పాట ఏ స్పీకరులోనైనా బాగుంటుంది, అందుకే అతను దాన్ని వేస్తాడు.

ప్రొజెక్టరు పెట్టె మీద రాసిన వేల ల్యూమెన్లను అతిశయోక్తి అలంకారంగా గ్రహించాలి. చూడవలసింది ఆన్సీ ల్యూమెన్లు, అంటే ప్రామాణిక పద్ధతిలో కొలిచిన వెలుగు. ‘4కే సపోర్ట్’ అనేది శ్లేష: వెయ్యి మందిని భోజనానికి పిలిచి వంద విస్తళ్ళే వేసినట్టు, 4కే బొమ్మను లోపలికి తీసుకుంటుంది గానీ తెర మీద చూపేది తనకున్న చుక్కలనే. ‘నేటివ్’ అన్న మాట పక్కన 1080పి ఉందో లేదో చూసి కొనాలి.

మా గదికి నూరంగుళాల తెర సరిపోతుంది. వెడల్పు 87 అంగుళాలు, ఎత్తు 49. పది అడుగుల దూరంలో కూర్చుంటే చూపులో సుమారు 40 డిగ్రీలు నిండుతుంది, వీపు వెనక రెండడుగులు మిగులుతాయి. త్రో నిష్పత్తి, అంటే ప్రొజెక్టరు దూరానికీ తెర వెడల్పుకూ ఉన్న నిష్పత్తి, 1.5 అయితే ప్రొజెక్టరు తెరకు 11 అడుగుల దూరాన, తల వెనక కప్పుకు వేలాడాలి. కొనకముందే ఈ గుణకారం చేయనివారు తర్వాత గోడకు కన్నం పెట్టి పక్క గదిలోంచి సినిమా వేసుకుంటారు.

తెరకు బ్లాకవుట్ గుడ్డను చెక్క చట్రానికి లాగి కొట్టుకోవచ్చు. చవక అని ఫ్లెక్సీ షాపుకు వెళ్ళి అచ్చు లేని తెల్ల ఫ్లెక్సీ అడిగితే “ఎవరి పుట్టినరోజు సార్?” అన్నాడు. అదీగాక దాని మెరుపుకు తెర మధ్యలో వెలుగు మచ్చ పడుతుంది. చట్రం చుట్టూ మూడంగుళాల నల్ల వెల్వెట్ అంటించడం అలంకారం కోసం కాదు, పక్కకు ఒలికిన వెలుగును అది మింగుతుంది. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగులో సినిమాస్కోప్ మొదలైంది. అలాంటి వెడల్పు బొమ్మ ఈ తెర మీద పైనా కిందా ఆరేసి అంగుళాలు ఖాళీ వదులుతుంది. వెల్వెట్ మిగిలితే రెండు పట్టీలు చేసి ఆ ఖాళీ మీద తగిలించుకోవచ్చు.

వైరు పైపు గురించి ఎలక్ట్రీషియన్ “ముప్పావు చాలు సార్” అంటాడు. చాలదు. హెచ్‌డీఎంఐ ప్లగ్గు మూతి అందులో దూరదు. ఒకటిన్నర అంగుళం పైపు వేయించి, లోపల ఒక నైలాన్ తాడు వదిలేయించాలి. రంగు వేశాక గోడ పగలగొట్టడానికి ఏ బడ్జెట్టూ చాలదు.

చతుర్థ పాదం. ఇక్కడ అసంభవ దోషం స్పష్టం. గది రంగు మారి, గుజరాతీ గల్లీ నుంచి ఆటోలో పెట్టెలు దిగి, కన్నతల్లి వచ్చి అల్లుడితో పాటు నేల మీద వెతికాక, గృహిణికి ఎరుకపడకుండుట ఏ ప్రమాణానికీ నిలవదు. ప్రతిలో ఎర్ర సిరా ‘పడక’ను కొట్టివేసి పాఠాంతరం చూపింది: “అక్క కెరుకపడియె చక్కబెట్టు.” గణాలు సరిపోయాయి, ప్రాసయతి చెక్కుచెదరలేదు. మూలకర్త కన్నా పరిష్కర్త దిట్ట అని ఒప్పుకోవాలి.

అదే చెయ్యి మూడో పాదంలో ‘లక్ష’ కొట్టి ‘సగము’ అని రాసింది. దీనికి లాగించు‌లోని ‘లా’తో యతి కుదరదు. ఆ సంగతి ముందే పసిగట్టి అంచున ఇలా ఉంది: “యతి పోతే పోనీ, ఎఫ్‌డీ పోకూడదు.”

సగము పాఠాన్ని అంగీకరిస్తే మొదటి రెండు పాదాలకు భంగం లేదు. రంగు, కర్టెన్లు, వాడిన రిసీవరు, ముందు మూడు స్పీకర్లు 50 వేలలో ఇముడుతాయి. ప్రతిపదార్థంలో ‘అవల’ దగ్గర మాత్రం ‘వచ్చే దీపావళికి’ అని చేర్చుకోవాలి. అందాకా పాత 43 అంగుళాల టీవీ పైకి ఎక్కుతుంది. కుర్చీని దానికి నాలుగడుగుల నాలుగంగుళాల దగ్గరకు జరిపితే, పది అడుగుల నుంచి చూసిన నూరంగుళాల తెర ఎంత నిండుతుందో చూపులో ఇదీ అంతే నిండుతుంది. నేల టికెట్టు దూరం. ఎర్ర సిరాకు దీని మీద అభ్యంతరం ఉన్నట్టు ప్రతిలో కనిపించదు.