పది సెంట్ల పచ్చికకు పరికరాల పటాలం

న్యూజెర్సీలో పాతిక సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకున్న మన తెలుగు ఆసామి వైభవం వినండి. ఇల్లూ, డ్రైవ్‌వే, పాటియో పోగా ఆయనకు మిగిలిన గడ్డి పది పన్నెండు సెంట్లు. దాని మీదికి ఆయన దింపిన బలగం: ఎక్కి కూర్చుని నడిపే 42 అంగుళాల మోవర్, కోసిన గడ్డి పట్టే బ్యాగర్, నేలకు చిల్లులు పొడిచే ఏరేటర్, ఎండు పీచు గీకే డీథాచర్, ఎరువు చల్లే స్ప్రెడర్, మట్టి మోసే బండి, చలికాలానికి స్నో బ్లోయర్.

వాళ్ల నాన్నగారు ఊళ్లో ఐదెకరాలు సాగు చేశారు. ఇంట్లో కల్టివేటర్ లేదు, రోటవేటర్ లేదు. ట్రాక్టరున్నాయనకు కబురు పెడితే వచ్చి, గంటకింతని తీసుకుని, దున్నేసి పోయేవాడు. పనిముట్లు ఎక్కడ సర్దాలన్న బెంగతో ఆ పెద్దాయన ఒక్క పూట నిద్ర చెడగొట్టుకోలేదు. కొడుకు పైకొచ్చాడు. అంచేత ఆ బెంగ ఆయనకు దక్కింది.

బ్యాగర్ సంగతే చూడండి. సీటు వెనక వేలాడే జంట పెట్టెలు, వాటికి ఒక వంకర గొట్టం. మడత పడదు, ఒకదాంట్లో ఒకటి దూరదు. ఎటు తిప్పి పెట్టినా ఒక మూల పొడుచుకొస్తుంది. అడుగున నిరుటి గడ్డి అంటుకుని పులిసిన కంపు అదనం. ఏరేటర్ నేలలో దిగాలంటే పైన సిమెంటు దిమ్మలు పెట్టాలి. కాబట్టి దిమ్మలకూ చోటు కావాలి. దాని ఇనప పళ్లు, చీకట్లో లైటు స్విచ్చి తడుముకునే ఇంటాయన పిక్కల కోసమే కాచుకుని ఉంటాయి. ఇక స్నో బ్లోయర్ తగిలించాలంటే మోవర్ కింద కత్తులుండే డెక్ విప్పాలి, చక్రాలకు గొలుసులు చుట్టాలి, వెనక బరువులు కట్టాలి. చలికాలమంతా డెక్ నేల మీద, వేసవంతా బ్లోయరూ గొలుసులూ బరువులూ నేల మీద. గ్యారేజీ ఖాళీ అయ్యే ఋతువంటూ లేదు.

ఇంజనీరు బుర్ర ఊరుకుంటుందా? గోడకు కొక్కేలు, కింద చక్రాల పలకలు, పైకప్పుకు కప్పీలు. ఇప్పుడు బ్యాగర్ కారు నెత్తిన కృష్ణాష్టమి ఉట్టిలా వేలాడుతోంది. కింద ఉన్నది లీజు కారు గనక ఉట్టి దించే ధైర్యం ఎవరికీ లేదు. చివరికి కారే బయటికి నడిచింది.

ఈ ఘనత ఆయనొక్కడిదే కాదు. లాస్ ఏంజెలిస్‌లో 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్లలోని సామానంతా యూసీఎల్‌ఏ పరిశోధకులు పరిశీలించి 2012లో పుస్తకం వేశారు. నాలుగింట మూడు గ్యారేజీల్లో కారుకే చోటు లేదని తేలింది.

పెరట్లో షెడ్డు వేద్దామంటే కాలనీ సంఘం ఒప్పుకోదు. చాలా కాలనీల్లో ఇదే న్యాయం: గడ్డి పెరిగితే నోటీసు, గడ్డి కోసే సరంజామా వీధిలోకి కనబడితే నోటీసు.

ఇంతకీ ఇవన్నీ అవసరమా? కోసిన గడ్డిని పచ్చిక మీదే వదిలేయండి, కుళ్లి ఎరువవుతుందని అక్కడి విశ్వవిద్యాలయాల వ్యవసాయ విభాగాలు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నాయి. అంటే అందరికంటే ఎక్కువ చోటు మింగే బ్యాగర్‌కు అందరికంటే తక్కువ పని. పీచు అర అంగుళం దాటితే తప్ప డీథాచర్ ముట్టనక్కర్లేదు. ఏరేటర్ ఏడాదికోసారి, ఆకురాలు కాలంలో, ఒక పూట చాలు. ఆ పూటకు అద్దెకూ దొరుకుతుంది. మిగిలిన 364 రోజులూ అది గ్యారేజీలో ఇంటల్లుడి హోదా అనుభవిస్తుంది.

ఈ సరంజామాకు మూలం ఎక్కడుందంటే, 1830లో ఇంగ్లండ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ ఉన్ని బట్టల నూగు కత్తిరించే మిల్లు యంత్రం చూసి గడ్డికోత యంత్రం తయారుచేశాడు. పచ్చిక అప్పటికే దొరల సోకు: పంట వేయకుండా వదిలేసేంత భూమి తమకుందని చూపించుకోవడం. మనవాడికి జమీ లేదు, జమీందారీ సరంజామా మాత్రం పూర్తిగా ఉంది.

వీధిలో ఆరిళ్లుంటే ఆరు ఏరేటర్లు, ఆరూ తుప్పు పడుతున్నాయి. ఒకటి కొని పంచుకుంటే సరిపోదా అంటే, అరువడిగితే పరువు పోతుందట. ట్రాక్టరును అద్దెకు పిలిచిన తండ్రికి పోని పరువు!

చివరికి ఆయన శాశ్వత పరిష్కారం కనిపెట్టాడు. మూడు కార్ల గ్యారేజీ ఉన్న ఇల్లు చూశాడు, ముప్పై ఏళ్ల అప్పుకు సంతకం పెట్టాడు. ఆ ఇంటికి అరెకరం పచ్చిక ఉంది. అరెకరానికి 42 అంగుళాల మోవర్ ఏం చాలుతుందని 54 అంగుళాలది కొన్నాడు. పాత బ్యాగర్, పాత బ్లోయర్ దానికి అతకవు. కొత్తవి వచ్చాయి. పాతవి అమ్మడానికి మనసొప్పలేదు. మూడో గ్యారేజీ వాటికే ఇచ్చాడు.