ఒకసారి రీస్టార్ట్ కొట్టి చూడండి

కృష్ణా డెల్టాలో కంప్యూటర్లకు సంబంధించి ఒక సంప్రదాయం గట్టిగా స్థిరపడిపోయింది. దానికి గ్రంథం లేదు, గురువు లేడు, ఉన్నది ఒక్కటే మంత్రం: “ఒకసారి రీస్టార్ట్ కొట్టి చూడండి.” గన్నవరం చుట్టుపక్కల, తేలప్రోలు నుంచి కానూరు దాకా, ఏ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులోనైనా అరవై సిస్టంలకు నెట్‌వర్క్ మీదుగా ఓఎస్ ఎక్కించే రోజున ఈ మంత్రం అరవైసార్లకు తక్కువ వినబడదు. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ ఉండిపోతాయి. “హ్యాంగైందండీ” అంటారు. రీస్టార్ట్ కొడతారు. మళ్లీ అక్కడే ఆగుతుంది. మళ్లీ కొడతారు. మూడోసారీ ఆగితే “నెట్‌వర్క్ ప్రాబ్లం” అని తీర్పు చెప్పి, పెన్‌డ్రైవ్ పట్టుకుని ఒక్కో సిస్టం దగ్గరికీ ఊరేగింపుగా బయలుదేరతారు. ఆయుధపూజ నాడు ఆ సీపీయూలకు పసుపూ కుంకుమా పెట్టి నిమ్మకాయ కోసిన చేతులే ఇవి. ఆ భక్తితో ఎవరికీ పేచీ లేదు, పూజ వేళ మిషన్ ఆపే ఉంచుతారు కాబట్టి నష్టమూ లేదు. పేచీ అంతా మిగిలిన రోజుల్లో నడిచే పూజతోనే.

ఈ మధ్య ఈ పూజలకు సీజన్ వచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. ల్యాబులన్నీ 11కి మారాలి. మారేటప్పుడు పాత బయోస్ పోయి యూఈఎఫ్ఐ వస్తుంది, సెక్యూర్ బూట్ వస్తుంది, పాత సిస్టంలకు పంపిన మొదటి ఫైలు కొత్తవాటికి పనికిరాదు. పైగా విండోస్ 10ని ఏళ్ల తరబడి పంచిపెట్టిన డబ్ల్యూడీఎస్ సర్వర్‌లో 11 డిస్కులోని బూట్ ఫైలును ఉన్నదున్నట్టు పెట్టి సెటప్ నడిపే దారిని మైక్రోసాఫ్టే మూసేసింది. ఆ సంగతి దాచలేదు, రాసి ప్రకటించింది, తెర మీద కూడా చూపిస్తుంది. చదివే ఓపిక ఉన్నవాడికి అది జవాబు. మనకు మాత్రం అది రీస్టార్ట్ కొట్టాల్సిన ఇంకో సందర్భం.

ఏలూరు కాలువ కింద శివారు పొలానికి నీరందలేదనుకోండి. రైతు ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ దించి మళ్లీ ఎత్తమని అడగడు. గట్టు పట్టుకుని ఎగువకు నడుస్తాడు. బోదెలో నీళ్లున్నాయా, తూము దగ్గరున్నాయా, లాకుల దగ్గరున్నాయా చూసుకుంటూ పోతాడు. ఎక్కడిదాకా వచ్చి ఎక్కణ్నుంచి రాలేదో తెలిస్తే, ఆ మధ్యలో గుర్రపుడెక్క అడ్డుపడిందో పైరైతు కట్ట వేశాడో కంటికే కనబడుతుంది, లస్కరును ఏమడగాలో తెలుస్తుంది. ఆ రైతుల పిల్లలే బీటెక్ చదివి, ఆగిపోయిన సెటప్ ముందు నిలబడి, ఎగువకు ఒక్క అడుగైనా వేయకుండా పవర్ బటన్ వెతకడం మన విద్యావ్యవస్థ సాధించిన అద్భుతం.

నడవాల్సిన గట్టు పొడుగైనదేమీ కాదు. నెట్‌వర్క్ మీదుగా సిస్టంను బూట్ చేసేందుకు ఇంటెల్ 1999లో ఖరారు చేసిన పీఎక్స్ఈ పద్ధతి ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. సిస్టం ఆన్ కాగానే నెట్‌వర్క్ కార్డు తనకో అడ్రసు కావాలని కేకేస్తుంది. డీహెచ్‌సీపీ సర్వర్ ఐపీ అడ్రసు ఇస్తుంది, దాంతోపాటు మొదటి ఫైలు ఎక్కడుందో జాడ కూడా అందుతుంది. 1981 నాటి టీఎఫ్‌టీపీ పద్ధతిలో ఆ ఫైలు ముక్కలు ముక్కలుగా వస్తుంది. మామూలుగా ఒక్కో ముక్క 512 బైట్లు, అందిందని రసీదు పంపితేగానీ రెండోది రాదు. ఆ తర్వాత కెర్నలో విండోస్ పీఈయో దిగి, తన సొంత డ్రైవరుతో నెట్‌వర్క్ కార్డును మొదట్నుంచీ లేపి, మళ్లీ ఐపీ అడిగి, అసలు సరుకు దించుకుంటుంది. ఎక్కడ ఆగితే అక్కడి ఆనవాలు తెర మీద మిగులుతుంది. అడ్రసే రాలేదంటే కేబులూ, స్విచ్చూ, డీహెచ్‌సీపీ చూడాలి. అడ్రసు వచ్చి ఫైలు రాలేదంటే ఫైర్‌వాల్‌ను అనుమానించాలి: మనం అడిగేది 69వ పోర్టును, సర్వర్ బదులిచ్చేది వేరే పోర్టు నుంచి, ఆ మర్మం తెలియని ఫైర్‌వాల్ బదులును గుమ్మంలోనే ఆపేస్తుంది. లోగో దాకా వచ్చి చతికిలబడిందంటే, కార్డుకు డ్రైవరు లేకపోవచ్చు, ఐఎస్ఓ మొత్తం పట్టేంత ర్యామ్ లేకపోవచ్చు. ఎవరో ఇంట్లోని వైఫై రూటరు తెచ్చి గోడ సాకెట్‌కు తగిలించి ఉంటే అది కూడా అడ్రసులు పంచుతూ కూర్చుంటుంది. అది వేరే భాగోతం.

వీటన్నిట్లోకీ రసవత్తరమైనది స్పానింగ్ ట్రీ. కేబుల్లో ప్రాణం వచ్చిందని తెలియగానే స్విచ్ వెంటనే దారి ఇవ్వదు. ఎక్కడైనా వలయం ఏర్పడిందేమోనని 15 సెకన్లు వింటుంది, మరో 15 సెకన్లు నేర్చుకుంటుంది. ఆ 30 సెకన్లూ లింకు లైటు వెలుగుతూనే ఉంటుంది, ఒక్క ప్యాకెట్టూ దాటదు. ఓపిక తక్కువ కార్డులు ఈలోపే అలిగి కూర్చుంటాయి. ఓపికున్నవి గట్టెక్కి ఫైలు దించుకుంటాయి. తీరా సెటప్ తన డ్రైవరుతో కార్డును మళ్లీ లేపేసరికి లింకు ఒక్క క్షణం తెగుతుంది, స్విచ్ మళ్లీ మొదటి నుంచి 30 సెకన్ల తపస్సు మొదలుపెడుతుంది, ఈసారి సెటప్ గడువు దాటి బిక్కమొహం వేస్తుంది. చూసినవాడి తర్కం ఏమిటంటే, మొదట్లో ఐపీ వచ్చింది కనుక నెట్‌వర్క్ బాగానే ఉంది, కాబట్టి ఓఎస్సే చెడిపోయింది. ఐఎస్ఓ మళ్లీ డౌన్‌లోడ్ చేస్తారు, కేబుళ్లు మళ్లీ క్రింప్ చేస్తారు. డెస్క్‌టాపులు మాత్రమే తగిలించే పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ అనే ఒక్క సెట్టింగు పెడితే పోయే దానికి ఇంత హోమం. ఆ పక్క క్లాసురూములో అదే సమయానికి స్పానింగ్ ట్రీ మీద పరీక్ష ప్రశ్నకు జవాబు చెబుతుంటారు, పిల్లలు బొమ్మతో సహా రాసుకుంటుంటారు. రెండు గదుల మధ్య ఉన్నది ఒక్క గోడే.

కొన్నిసార్లు అసలు ఏదీ ఆగి ఉండదు. అరవై సిస్టంలు, ఒక్కోదానికి 5 జీబీ, మొత్తం 300 జీబీ. సర్వర్ తీగ గిగాబిట్‌ది అయితే, ఏ ఆటంకమూ లేకుండా పారినా నలభై నిమిషాలు. మధ్యలో ఎక్కడో బెంచీ కింద దుమ్ముకొట్టుకుపోయిన 100 ఎంబీపీఎస్ స్విచ్ ఒకటి ఉంటే దాదాపు ఏడు గంటలు. అంటే తెర మీది ప్రోగ్రెస్ పట్టీ ఒక్క శాతం కదలడానికి నాలుగు నిమిషాలకు పైనే. నాలుగు నిమిషాలు కదలని పట్టీని చూస్తూ నిబ్బరంగా ఉండగలిగే మనిషి మన జిల్లాలో ఇంకా పుట్టలేదు. నలభై శాతం దగ్గర రీస్టార్ట్ కొడతాడు. రెండు గంటల నలభై నిమిషాల పని బూడిదలో పోస్తాడు, పోసి మళ్లీ సున్నా నుంచి మొదలైన పట్టీని చూసి “ఇప్పుడు కదులుతోందండీ” అని సంతోషిస్తాడు.

“రీస్టార్ట్ కొడితే పనిచేసిన సందర్భాలు బోలెడు” అని ఒక వాదం ఉంది. ఉన్నాయి, కాదనను. టీ తాగి వచ్చేసరికి దానంతటదే కదిలిందని చెప్పేవారూ ఉన్నారు. అది టీ మహత్యం కాకపోవచ్చు. ఒకే సిస్టం పీఎక్స్ఈలో ఒక పేరుతో, సెటప్‌లో మరో పేరుతో అడ్రసు అడగడం మామూలే. వంద అడ్రసులున్న డీహెచ్‌సీపీకి అరవై సిస్టంలు నూట ఇరవై మందిగా కనబడతాయి, ఖజానా ఖాళీ అవుతుంది, గడువు తీరిన అడ్రసులు కొన్ని వెనక్కి వచ్చేదాకా టీ తాగడం తప్ప చేయగలిగేది లేదు. మౌస్ కదిపితే కదిలిందనేవాళ్లనూ ఎగతాళి చేయలేం: 2019లో లైనక్స్ 5.3 తయారవుతుండగా డిస్కు చదువుడు తగ్గించిన ఒక మార్పు వల్ల యాదృచ్ఛిక సంఖ్యలకు ముడిసరుకు చాలక కొన్ని సిస్టంలు బూటింగులోనే ఆగిపోయాయి, అప్పుడు మౌస్ కదపడం నిజంగానే పనికొచ్చే పని. ఆ మార్పును లైనక్స్ సృష్టికర్త టోర్వాల్డ్స్ వెనక్కి తీసుకున్నారు, తర్వాతి 5.4లో కెర్నలే ఆ సరుకు తయారు చేసుకునేలా చేశారు. కారణం వెతికారు కాబట్టి పరిష్కారం దొరికింది. మౌస్‌కు గుడి కట్టి ఊరుకోలేదు.

రీస్టార్ట్ పక్షానికి ఇంకా పెద్ద అస్త్రం ఉంది. 2024 జులై 19న సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పు ఫైలుతో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ సిస్టంలు కూలబడ్డాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అప్పుడు తన అజూర్ క్లౌడ్ వాడకందార్లకు మైక్రోసాఫ్టే చెప్పింది, పదేపదే రీస్టార్ట్ చేయండి, 15 సార్ల దాకా పట్టవచ్చు అని. మంత్రానికి ఇంతకంటే పెద్ద పీఠం నుంచి ఆమోదం ఎక్కడ దొరుకుతుంది! కానీ అక్కడ పందెం ఏమిటో అందరికీ తెలుసు: డ్రైవరు కూలేలోపే నెట్‌వర్క్ లేచి సరిచేసిన ఫైలు దించుకోవాలి, ఎన్నోసారికైనా ఆ రెప్పపాటు వ్యవధి దొరకవచ్చు. ఎందుకు కొడుతున్నారో తెలిసి కొట్టిన పదిహేను అవి. అదే మైక్రోసాఫ్ట్ తర్వాత సిస్టంలను పీఎక్స్ఈ ద్వారా లేపి బాగుచేసే దారి కూడా ఇచ్చింది. మనం హ్యాంగైందని తిట్టే దారే.

ఇక మిగిలిన అభ్యంతరం న్యాయమైనది: రేపు ఎక్స్‌టర్నల్ ప్రాక్టికల్స్ పెట్టుకుని, చాలీచాలని జీతానికి పనిచేసే ల్యాబ్ అసిస్టెంట్ ప్యాకెట్లు లెక్కపెడుతూ కూర్చుంటాడా? కూర్చోడు, కూర్చోమనడమూ అన్యాయమే. తప్పు కొనేవాళ్లది. కొటేషన్లలో ప్రాసెసరుకు ఒక గడి, ర్యామ్‌కు ఒక గడి, మానిటరు అంగుళాలకు ఒక గడి ఉంటాయి. స్విచ్ ఎవరు సరిచేస్తారు, దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంటుంది అనేదానికి గడి ఉండదు. బిగించినవాడు బిల్లు తీసుకుని వెళ్లిపోయాడు, పాస్‌వర్డూ అతనితోనే వెళ్లింది. రిబ్బను కత్తిరించిన ఫొటో మాత్రం ప్రిన్సిపాల్ గదిలో భద్రంగా ఉంది. కేసరపల్లిలో హెచ్‌సీఎల్ 2020లో తలుపులు తెరిచింది, పక్కనే మేధా టవర్స్ ఉంది, అక్కడ ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్న పిల్లలు ఈ ల్యాబుల్లో కళ్లారా నేర్చుకుంటున్నది పవర్ బటన్ శాస్త్రం.

రీస్టార్ట్ వల్ల కాలమే పోతే సరిపెట్టుకోవచ్చు. ఆధారం కూడా పోతుంది. సెటప్ నడిచినంతసేపూ ఏం చేసిందో, ఎక్కడ తట్టుకుందో లాగ్ ఫైల్లో రాసుకుంటూనే ఉంటుంది. విండోస్ సెటప్ మొదటి దశలో అది ఎక్స్ డ్రైవులో ఉంటుంది, డెబియన్ ఇన్‌స్టాలరులోనూ మెమరీలోనే ఉంటుంది. అదంతా ర్యామ్, బటన్ నొక్కగానే తుడుచుకుపోతుంది. కాబట్టి ఈసారి చుక్కలు తిరుగుతూ ఆగిపోతే బటన్ మీద వేలు పెట్టేముందు విండోస్‌లో షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి, డెబియన్‌లో ఆల్ట్, ఎఫ్4. విండోస్‌లో తెరుచుకున్న నల్ల తెరలో పాంథర్ ఫోల్డరుకు వెళ్లి సెటప్ఎర్ర్ లాగ్ తెరిచి, చివరి పది లైన్లు ఫోనుతో ఫొటో తీసుకోండి. రీస్టార్ట్ ఆ తర్వాత కొట్టండి.