పిల్లల కళ్లకు చేటు చేసే ఆరు సలహాలు

నిజాంపేట క్రాస్‌రోడ్స్‌లో బస్సు కోసం నిలబడ్డాం. మా అమ్మాయిది అప్పుడు రెండో తరగతి. "వచ్చేది మన బస్సేనేమో, నంబరు చూడమ్మా" అన్నాను. బస్సు వచ్చి మా ముందు ఆగేదాకా చెప్పలేకపోయింది. పక్కనే ఉన్న, దానికన్నా చిన్న పిల్లాడు అల్లంత దూరం నుంచే చదివేశాడు.

ఆ సాయంత్రం వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండర్‌కి పదడుగుల దూరంలో నిలబెట్టి, ఒక్కో కన్ను అరచేత్తో మూసి చదివించాను. కుడికన్ను మూసినప్పుడు తేదీల పెద్దంకెలు తడుముకుంటూ చదివింది. ఎడమకన్ను మూయగానే నా చెయ్యి తోసేసి, తల పక్కకి తిప్పి మళ్లీ ఎడమకంటితోనే చూడబోయింది. "ఈ కన్ను అంతే అమ్మా, మసగ్గా ఉంటుంది" అంది. ఎప్పట్నుంచి అంటే, "ఎప్పుడూ అంతే" అంది. కళ్లంటే అలాగే ఉంటాయనుకుంది పిల్ల.

దానికి ముందు రెండేళ్లుగా దాని కళ్ల గురించి మాకు సలహాలు అందుతూనే ఉన్నాయి. లిఫ్టులో, స్కూలు బస్సు దగ్గర, ఊరి నుంచి వచ్చే ఫోన్లలో. చెప్పినవాళ్లంతా పిల్ల మీద ప్రేమతో చెప్పినవాళ్లే. అందుకే కాదనలేకపోయాం. ఇప్పుడు వాటినీ, ఇరుగుపొరుగు ఇళ్లలో విన్నవాటినీ పిల్లల వయసు వరసలో రాస్తున్నాను. ఎవరు చెప్పినా పాటించకండి.

1. "నెలలు నిండక పుట్టినా బరువు పెరుగుతున్నాడుగా, పసికందుకి కంటి పరీక్షేంటి?"

కంటి వెనక ఉండే రెటీనాకి రక్తనాళాలు పూర్తిగా పరుచుకునేది తొమ్మిదో నెలలో. ముందే పుట్టిన బిడ్డకు ఆ పని సగంలో ఉంటుంది. కొందరిలో నాళాలు అడ్డదిడ్డంగా పెరిగి రెటీనాని లాగేస్తాయి. బయటికి ఏమీ కనిపించదు, కన్ను చక్కగానే ఉంటుంది. 34 వారాలు నిండకముందు పుట్టినా, 2 కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టినా, 30 రోజుల లోపు రెటీనా పరీక్ష జరగాలి. మరీ ముందు పుట్టినవాళ్లకి రెండుమూడు వారాలకే చేయాలి. సమయానికి పట్టుకుంటే లేజర్‌తోనో ఇంజెక్షన్‌తోనో చూపు నిలబెడతారు. డిశ్చార్జి కాగితంలో ఈ పరీక్ష మాట లేకపోతే మీరే అడగండి.

2. "కాటుక పెడితే కళ్లు పెద్దవవుతాయి. ఎర్రబడితే చనుబాలు పిండు, ఆముదం చుక్క వెయ్యి."

కాటుకతో కన్ను పెరగదు. కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అది పసిపిల్లల మెదడుకి చెరుపు. ఇంట్లో ఆముదం దీపం మసితో చేసినా, పెట్టే వేలు, గోరు శుభ్రంగా ఉండొద్దూ? చనుబాలు బిడ్డ కడుపుకి అమృతం, కంటికి మందు కాదు. దిష్టి తగులుతుందని అమ్మమ్మగారు బాధపడితే చెంప మీద చుక్క పెట్టండి, అరికాల్లో పెట్టండి. కంట్లో మాత్రం ఏమీ వద్దు.

3. "మెల్లకన్ను అదృష్టం. పెద్దయితే అదే సరవుతుంది."

మన ఇళ్లలో ఈ మాట ఎంత పాతదో అంత ప్రమాదం. పుట్టిన మొదటి నెలల్లో చూపు కుదురుకోకపోవడం మామూలే. నాలుగైదు నెలలు దాటాక కూడా కన్ను పక్కకి పోతుంటే డాక్టరుకి చూపించాల్సిందే. రెండు కళ్లు రెండు దిక్కులు చూస్తే మెదడుకి రెండు బొమ్మలు అందుతాయి. అది ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది. పక్కన పెట్టిన కంటికి చూడటం రాకుండా పోతుంది. మా అమ్మాయికి మెల్ల లేదు గానీ, రెండు కళ్లకీ నంబరు తేడా ఎక్కువగా ఉండి ఇదే జరిగింది. దీన్నే లేజీ ఐ అంటారు. మందు ఖరీదైనదేం కాదు: కళ్లజోడు, బాగున్న కంటి మీద రోజూ కొన్ని గంటలు ప్యాచ్. ఏడెనిమిదేళ్ల లోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. ఆ పైన రోజురోజుకీ కష్టం.

పాప నల్లగుడ్డు మధ్యలో తెల్లటి మెరుపు కనిపిస్తే, ఫోటోలో ఒక కన్ను తెల్లగా పడితే, ఆ వారమే చూపించండి. కంటి క్యాన్సరు, పిల్లల శుక్లం ఇలాగే బయటపడతాయి.

4. "రోజూ క్యారెట్ పెట్టు, కళ్లజోడు పోతుంది."

విటమిన్ ఎ లోపిస్తే రేచీకటి వస్తుంది, ముదిరితే నల్లగుడ్డే కరిగిపోతుంది. అందుకే 9 నెలలకు మొదలుపెట్టి ఐదేళ్లదాకా ఆరు నెలలకోసారి అంగన్‌వాడీల్లో ఆ ద్రావణం పోస్తారు, మానకండి. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడి క్యారెట్‌కి తీసిపోవు. అయితే దూరపు చూపు తగ్గడానికి కారణం వేరు. కనుగుడ్డు పొడవు పెరిగి బొమ్మ రెటీనా ముందే పడటం. పెరిగిన పొడవుని ఏ కూరా తగ్గించలేదు.

5. "కళ్లు దురదా? మెడికల్ షాపులో చెప్పి చుక్కలు తెచ్చుకో."

హైదరాబాదు ఎండలకి, దుమ్ముకి పిల్లలకు కంటి అలర్జీ మామూలు. షాపులో ఇచ్చే కొన్ని చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది. వేయగానే హాయిగా ఉంటుంది, అందుకే ప్రతి వేసవికీ అదే సీసా తెస్తారు. అలా నెలల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పి తెలియకుండానే నరం దెబ్బతింటుంది. శుక్లమూ రావచ్చు. అలాగని దురదకి నలుపుకోనిస్తే కార్నియా పలచబడి శంఖంలా ముందుకొచ్చే జబ్బు వచ్చే ముప్పుంది. చల్లటి నీళ్ల గుడ్డ వేయండి, డాక్టరుకి చూపించండి. 2023 వానాకాలంలో కండ్లకలక ఊరంతా తిరిగినప్పుడు కూడా ఇవే సీసాలు చేతులు మారాయి. కండ్లకలక చూపుతో అంటుకోదు. చేతులతో, తువ్వాలుతో, దిండుతో అంటుకుంటుంది. ఎక్కువసార్లు ఒకటి రెండు వారాల్లో అదే తగ్గుతుంది.

6. "ఇప్పుడే కళ్లజోడెందుకు, నంబరు పెరుగుతుంది. బయట దుమ్ము, ఇంట్లో ట్యాబ్ ఇచ్చి కూర్చోబెట్టు."

మాకు ఎక్కువసార్లు వినిపించిన సలహా ఇదే, మేం పాటించిందీ ఇదే. జోడు వల్ల నంబరు పెరగదు, పిల్ల పెరుగుతుంటే కన్నూ పెరుగుతుంది. కావాలని తక్కువ పవరు అద్దాలిస్తే ఏమవుతుందో మలేసియాలో పిల్లల మీద చూశారు. 2002లో వచ్చిన ఆ ఫలితాల్లో వాళ్లకే నంబరు ఎక్కువ పెరిగింది. రాసిన పవరే పెట్టండి.

ఇక ట్యాబ్. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఒకటో తరగతి పిల్లల్ని బడి వేళల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయటికి పంపారు. మూడేళ్లలో వాళ్లలో నూటికి సుమారు 30 మందికి దూరపు చూపు తగ్గితే, మామూలు బడుల్లో సుమారు 40 మందికి తగ్గింది. పని చేసేది పగటి వెలుతురు. మా నిజాంపేటలో పిల్లలు ఆడుకునేది సెల్లార్‌లో, కార్ల మధ్య, ట్యూబులైటు కింద. అది చాలదు. టెర్రస్ మీదికి, పార్కుకి, ప్రగతినగర్ చెరువు వైపు పొద్దు ఉండగానే తీసుకెళ్లండి, రోజుకి రెండు గంటలు లక్ష్యంగా పెట్టుకోండి. రెండు నుంచి నాలుగేళ్లవాళ్లకి తెర రోజుకి గంట మించొద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నీలి కాంతి ఆపే అద్దాలు కొనిస్తే ఈ బాధ్యత తీరదు.

ఈ ఆరింటిలోనూ ఉన్న తప్పు ఒక్కటే: "చూద్దాంలే" అనడం. మన నగరంలో చూద్దాంలే అనాల్సిన అవసరం లేదు. డబ్బులేనివాళ్లకి మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు మొదలుపెట్టిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ బంజారాహిల్స్‌లో ఉంది. పల్లెల్లో 50,000 జనాభాకి ఒక విజన్ సెంటరు చొప్పున కంటి వైద్యాన్ని వాళ్లు గడప దగ్గరికి తీసుకెళ్లారు. మనకి ఆసుపత్రి అంత దగ్గరున్నా, 2018లో ప్రభుత్వం ఉచితంగా కంటి పరీక్షలు చేసిన కంటి వెలుగు శిబిరంలో తాతయ్యకి జోడు తెచ్చిన ఇళ్లలోనే మనవడి కళ్లు ఎవరూ చూడలేదు.

మా అమ్మాయి ఏడాది పైన ప్యాచ్ కట్టుకుంది. చూపు చాలావరకు వచ్చింది, పూర్తిగా రాలేదు.

ఈ ఆదివారం మీ పిల్లల్ని క్యాలెండర్‌కి పదడుగుల దూరంలో నిలబెట్టండి. ఒక్కో కన్ను అరచేత్తో మూసి చదివించండి. తడబడితే సోమవారమే డాక్టరు దగ్గరికి వెళ్లండి. బాగా చదివినా సరే, బడిలో చేర్చేలోపు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి పూర్తి పరీక్ష చేయించండి.